నాది, నాకు, నావాడు: షష్ఠీ విభక్తి చుట్టూ ఒక తాత్త్విక వివాదం

సంస్కృత వ్యాకరణం వాక్యానికి క్రియను కేంద్రంగా నిలిపి, ఆ క్రియ సిద్ధించడానికి తోడ్పడే ప్రతి పదార్థాన్నీ కారకం అని పిలిచింది. పని చేసేవాడు కర్త, ఆ పనికి గురయ్యేది కర్మ, పనిముట్టు కరణం, ఇచ్చినదాన్ని అందుకునేవాడు సంప్రదానం, విడిపోవడానికి మొదలైన చోటు అపాదానం, ఆధారం అధికరణం. పాణిని లెక్కలో కారకాలు ఈ ఆరే. 'రాముడి విల్లు', 'ఊరి చెరువు' అనే చోట్ల కనిపించే షష్ఠికి ఈ ఆరింటిలో స్థానం దొరకలేదు. కారకాలకూ ప్రాతిపదికార్థానికీ పోగా మిగిలిన సంబంధాలను చెప్పవలసి వచ్చినప్పుడు షష్ఠి వస్తుందని మాత్రం సూత్రకారుడు విధించాడు కనుక, దానికి శేషషష్ఠి అనే పేరు స్థిరపడింది. ఒక వస్తువు ఒకరిదై ఉండటం ఏ పనిలోనూ భాగం కాదనీ, అది రెండు పదార్థాల నడుమ ఉండే సంబంధమనీ, ఆ సంబంధం యాజమాన్యమో, చుట్టరికమో, అవయవ అవయవి భావమో విభక్తి తనంత తాను తేల్చి చెప్పదనీ దీనివల్ల ఏర్పడుతుంది. వ్యాకరణం ఇలా తేల్చకుండా వదిలిన చోటనే దర్శనాలు తగవుకు దిగాయి. ఆ తగవులో చెప్పుకోదగిన కొన్ని ఘట్టాలకు వంశధార, నాగావళి నదుల నడుమ నేల సాక్ష్యంగా నిలిచింది.

ఇంగ్లీషుకు 'హావ్' అనే క్రియ ఉంది. 'ఐ హావ్ ఎ సన్', 'ఐ హావ్ ఫీవర్', 'ఐ హావ్ మనీ' అన్న మూడు వాక్యాలలోనూ కర్త ఒకడే, క్రియ ఒకటే. కొడుకు, జ్వరం, డబ్బు మూడూ కర్మ స్థానంలో వరుసగా కూర్చుంటాయి. తెలుగులో ఈ పని చేసే క్రియ లేదు. 'నాకు కొడుకున్నాడు' అన్నప్పుడు కర్త కొడుకే. తండ్రి 'కు' ప్రత్యయంతో పక్కకు జరుగుతాడు. జ్వరం కూడా 'నాకు' వస్తుంది గాని దాన్ని ఎవరూ కలిగి ఉండరు. డబ్బు 'నా దగ్గర' ఉంటుంది, శ్రీకాకుళం పల్లెల్లో 'నా కాడ' ఉంటుంది. అంటే అది చోటుకు సంబంధించిన మాట, ఇవాళ ఇక్కడున్నది రేపు మరొకరి కాడికి పోవచ్చు. ఓర్పు, తెలివి వంటివి మనిషి 'లో' ఉంటాయి. హక్కు చెప్పదలచినప్పుడే 'ఇది నాది' అంటారు, అప్పుడు క్రియే ఉండదు. ఇంగ్లీషు ఒక్క క్రియ కింద కలిపేసినదాన్ని తెలుగు నాలుగు తీరులుగా విడదీసి, ఏది చుట్టరికమో అనుభవమో, ఏది దగ్గర ఉండటం, ఏది గుణం, ఏది సొంతం అని వేరుగా చూపుతుంది. దీన్నిబట్టి తెలుగువారికి ఆస్తి మీద మమకారం తక్కువని వాదించబూనడం తెలివితక్కువ పని అవుతుంది. ఉత్తరాంధ్ర జిల్లాల కోర్టుల్లో నడిచే భూమి తగాదాలే అందుకు చాలిన జవాబు. భాష ఆలోచనను కట్టిపడెయ్యదు, అయితే ఆలోచన మొదలయ్యే చోటును మాత్రం మారుస్తుంది.

'దేవుడున్నాడు' అన్న మాటను ఇక్కడ ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది. కష్టంలో ఉన్న మనిషి 'నాకు దేవుడున్నాడు' అన్నప్పుడు, దేవుడి అస్తిత్వమూ ఆ దేవుడితో తనకున్న సంబంధమూ ఒకే క్రియలో వెలువడుతున్నాయి. ఇంగ్లీషులో ఇవి రెండు వేరు ప్రతిపాదనలు కనుక, దేవుడు ఉన్నాడా అనే ప్రశ్నను దేవుడు ఎవరికి ఉన్నాడు అనే ప్రశ్న నుంచి విడదీసి శతాబ్దాల పాటు చర్చించడం ఆ భాషలో సులువు. తెలుగు వాక్యంలో 'నాకు' అన్న మాటను తీసివేస్తే శుద్ధ అస్తిత్వవాక్యం మిగులుతుంది, చేరిస్తే శరణాగతి అవుతుంది. క్రియ ఏ మార్పూ లేకుండా రెండింటికీ సరిపోతుంది.

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణాన్ని అనుసరించి బడిపిల్లలు ఇప్పటికీ వల్లించే విభక్తుల పట్టికలో 'కొరకున్, కై' చతుర్థిగానూ, 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' షష్ఠిగానూ కనిపిస్తాయి. సంస్కృతంలో 'రామునికి ఇచ్చెను' అన్నది చతుర్థి, 'రాముని ఇల్లు' అన్నది షష్ఠి. తెలుగు పట్టికలో మాత్రం ఇవ్వడానికి వాడే 'కు' ప్రత్యయమూ, సొంతమని చెప్పే 'యొక్క'యూ ఒకే వరుసలో నిలిచాయి. ఆధునిక భాషాశాస్త్రం ఈ కూర్పును అంగీకరించక, 'కు'ను వేరే విభక్తిగా లెక్కిస్తుంది. ఆ పద్ధతికి తగిన కారణాలున్నాయి. అయినా పాత వరుసలో ఒక యథార్థం ఉంది: తెలుగులో ఒకరికి ఉండటానికీ ఒకరికి ఇవ్వడానికీ వాడే ప్రత్యయం ఒకటే. (పుస్తకాల్లో అడుగడుగునా కనబడే 'యొక్క' మాత్రం ఇంట్లో ఎవరి నోటా వినిపించదు, ఇంగ్లీషు 'ఆఫ్' కనిపించిన ప్రతిచోటా దాన్ని దించే అనువాదకుల అలవాటు వల్ల దాని బతుకు ఇంకా సాగుతోంది.)

దేవుడికి ఇచ్చినది దేవుడిది అవుతుందా అన్నది ఈ ప్రత్యయం వెనకనున్న మొదటి గట్టి ప్రశ్న. శ్రీముఖలింగం, శ్రీకూర్మం ఆలయాల స్తంభాల మీద, గోడల మీద గాంగ రాజుల నాటి నుంచి చెక్కిన శాసనాలలో అధికభాగం దానశాసనాలే. అఖండదీపానికి, నైవేద్యానికి, తోటకు, సేవకు దాతలు సమర్పించినదాన్ని ఆచంద్రార్కం, అంటే చంద్రసూర్యులున్నంత కాలం, చెల్లేటట్టు అవి నిర్దేశిస్తాయి. ధర్మశాస్త్రం దానానికి చెప్పిన లక్షణంలో రెండు అంశాలున్నాయి. ఇచ్చేవాడి స్వత్వం, అంటే సొంతదారు హక్కు, తొలగిపోవాలి. పుచ్చుకునేవాడి స్వత్వం పుట్టాలి. యజ్ఞంలో ఆహుతి వేసి 'ఇది నాది కాదు' అని యజమాని పలికే మాటకు మొదటి అంశంతోనే పని తీరుతుంది, దాన్ని త్యాగం అంటారు. దానం సిద్ధించాలంటే అవతల స్వీకరించేవాడు ఉండాలి. శ్రీకూర్మనాథుడు స్వీకరిస్తాడా?

మీమాంసా సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి ఈ ప్రశ్నకు మొహమాటం లేని జవాబిచ్చాడు. ఒక వస్తువును తన ఇష్టం వచ్చినట్టు వినియోగించుకోగలవాడే దానికి సొంతదారు. దేవత ఏ గ్రామాన్నీ ఏ పొలాన్నీ అలా వినియోగించుకోవడం ఎక్కడా కనబడదు. కాబట్టి 'దేవుడి ఊరు', 'దేవుడి పొలం' అన్న మాటలలోని షష్ఠి ఔపచారికం, అంటే లాంఛనంగా అన్న మాటే తప్ప యథార్థమైన యాజమాన్యం కాదు. వేదాన్ని ప్రాణంగా చూసుకున్న శాస్త్రమే దేవుడి ఆస్తిని ఇలా కొట్టివేయడం నేటి భక్తుడికి వింతగా తోస్తుంది. మీమాంసకుడికి కావలసింది కర్మ, దాని ఫలం. దేవతకు ఇల్లూ వాకిలీ ఉన్నట్టు ఒప్పుకోవలసిన అవసరం అతనికి లేదు. శ్రీకూర్మం దాతలు మాత్రం శబరుని మాటను లెక్కచేసినట్టు లేరు. వారి దృష్టిలో స్వామి ఒక గృహస్థు. ఆయనకు భూములున్నాయి, గోవులున్నాయి, పరిచారకులున్నారు. ఇరవయ్యో శతాబ్ది న్యాయస్థానాలు విగ్రహాన్ని చట్టం దృష్టిలో వ్యక్తిగా గుర్తించి, ఆస్తి దేవుడిదేననీ దాన్ని చూసుకునేవారు నిర్వాహకులేననీ తేల్చినప్పుడు దాతల వాడుకే నెగ్గింది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం కింద కార్యనిర్వహణాధికారి సంతకం పెట్టేది ఈ లెక్కనే. ఇష్టం వచ్చినట్టు వినియోగించుకోలేనివాడు సొంతదారు ఎలా అవుతాడన్న శబరుని అడ్డంకికి చట్టం చూపిన దారి, పసిబిడ్డ తరఫున సంరక్షకుడు వ్యవహరించే తీరును పోలి ఉంది. అది పరిపాలనకు సరిపోతుంది గాని, తత్త్వానికి సరిపోయిందని ఒప్పుకోవడం కష్టం.

ఈ శ్రీకూర్మంలోనే 1281 నాటి ఒక శాసనం, మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులు కూర్మేశ్వరుని గుడి ఎదుట యోగానంద నరసింహుని ప్రతిష్ఠించిన సంగతిని తెలుపుతుంది. ఆనందతీర్థులనే పేరుగల తన గురువును స్తుతించే ఆ శాసనం, కళింగదేశ రక్షణభారాన్ని నరహరి వహించినట్టు కూడా చెబుతుంది. ఆస్తికి అసలు యజమాని మరొకడు, మనిషి పరతంత్రుడు అని బోధించే ద్వైతమతంలో సన్యసించినవాడు ఒక దేశపు పాలనాభారం మోయడం విరుద్ధంగా కనబడవచ్చు. ద్వైతంలో స్వతంత్రుడు విష్ణువు ఒక్కడే; జీవులూ జగత్తూ అస్వతంత్రాలు. అటువంటి దర్శనంలో పాలించే చెయ్యి పాలకుడిది కాదు కాబట్టి విరోధం లేదని ఆ మతస్థులు సమాధానం చెప్పగలరు.

ద్వైతానికీ అద్వైతానికీ మధ్య పోరు ఛాందోగ్యోపనిషత్తులోని 'తత్త్వమసి' దగ్గర పూర్తిగా వ్యాకరణ రూపం తీసుకుంది. 'తత్' ఒక పదం, 'త్వం' ఒక పదం, 'అసి' క్రియ. మొదటి రెండూ ఒకే విభక్తిలో ఉన్నాయి కనుక అవి ఒకే వస్తువును చెబుతున్నాయని శంకరుల పక్షం. ఒకే విభక్తిలో నిలిచిన పదాలు ఒకే అర్థం మీద వాలడాన్ని సామానాధికరణ్యం అంటారు. మధ్వులు అదే అక్షరసముదాయాన్ని వేరుగా విరిచి, 'అతత్ త్వమసి' అని చదివి, 'నీవు అది కావు' అన్న అర్థం చెప్పారు. తర్వాతి ద్వైతాచార్యులు మరో దారి కూడా తెరిచారు. వేదభాషలో విభక్తి ప్రత్యయం లోపించవచ్చునని పాణినే అనుమతించాడు కాబట్టి, 'తత్' అన్నచోట లోపించిన షష్ఠిని ఊహించుకుంటే 'నీవు ఆయనవాడవు' అవుతుంది. పంచమిని ఊహిస్తే 'నీవు ఆయన నుంచి వచ్చినవాడవు', సప్తమిని ఊహిస్తే 'నీవు ఆయనయందున్నవాడవు' అవుతుంది. చెవికి వినిపించని ఒక ప్రత్యయం మీద జీవుడికీ బ్రహ్మానికీ గల భేదాభేదాలు ఆధారపడ్డాయి. అద్వైతి దీన్ని సాగదీసిన వ్యాఖ్యానమని తోసిపుచ్చుతాడు; వాక్యం ఉన్నది ఉన్నట్టుగా చదివితే అతని పక్షమే బలంగా కనిపిస్తుందని ఒప్పుకోక తప్పదు. కానీ 'ఉన్నది ఉన్నట్టుగా' చదివిన అద్వైతి కూడా సర్వజ్ఞుడూ అల్పజ్ఞుడూ ఒకరే ఎలా అవుతారన్న చిక్కులో పడి, రెండు పదాల వాచ్యార్థాల్లో కొంత భాగాన్ని వదిలి కొంత భాగాన్ని నిలుపుకొనే లక్షణావృత్తిని ఆశ్రయించాడు. ఒకరు ప్రత్యయాన్ని చేర్చారు, మరొకరు అర్థాన్ని తగ్గించారు. వాక్యాన్ని ముట్టుకోకుండా వదిలినవారు ఇద్దరిలో ఎవరూ లేరు.

ద్వైతి చెప్పదలచిన ఈ అర్థానికి ఇంగ్లీషులో 'యు బిలాంగ్ టు హిమ్' అని క్రియనూ విభక్త్యర్థక పదాన్నీ కూర్చవచ్చు, 'యు ఆర్ హిజ్' అని క్రియనూ సంబంధవాచకాన్నీ కూర్చవచ్చు. రెండింటిలోనూ ఇవి విడివిడి పదాలు. తెలుగు 'నీవాడను' అన్న ఒక్క పదంలో 'నీ' అనే సంబంధమూ, 'వాడు' అనే మనిషీ, చివర 'ను' రూపంలో చెప్పుకునే ఉత్తమపురుషా మూడూ ఇమిడిపోయాయి. ఇందులో విడిగా క్రియ లేదు గాని క్రియ చేసే పని జరిగింది. తాను ఎవరో చెప్పుకోవడమూ తాను ఎవరివాడో చెప్పుకోవడమూ ఒకే ఊపిరిలో సాగే ఈ పదరూపం, భక్తి సంప్రదాయాలకు తెలుగులో దొరికిన పెద్ద సదుపాయం.

దేవుడి సొత్తు సంగతి అలా ఉంచి మనిషి సొత్తుకు వస్తే, 'నా శరీరం' అన్న మాట మీద భారతీయ దార్శనికులు చాలా సిరా ఖర్చుపెట్టారు. 'నా గొడ్డలి' అన్నప్పుడు గొడ్డలీ నేనూ వేరు కనుక 'నా శరీరం' అన్నప్పుడు కూడా శరీరానికి వేరైన 'నేను' ఉండాలని ఆత్మవాదులు అంటారు. దీనికి చార్వాకుడు ఇచ్చే జవాబును మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం భద్రపరచింది: 'రాహువు తల' అన్నట్టే ఇదీను. రాహువుకు తల తప్ప వేరే ఏమీ లేదు, తలే రాహువు. అయినా లోకం 'రాహువు తల' అంటుంది. షష్ఠి ఉన్నంత మాత్రాన రెండు వస్తువులున్నాయని రుజువు కాదు. యోగసూత్రాల వ్యాసభాష్యం 'పురుషుని స్వరూపం చైతన్యం' అన్న వాక్యాన్ని ఇదే కోవలో చేర్చింది; చైతన్యమే పురుషుడైనప్పుడు ఎవరిది ఏది అని అడిగి, ఇటువంటి వాడుకను వికల్పానికి, అంటే వస్తువు లేకుండా మాట మాత్రం పుట్టించే జ్ఞానానికి, ఉదాహరణగా చూపింది. ఆత్మను కాదనే చార్వాకుడూ ఆత్మనే పరమార్థంగా నిలిపే యోగీ ఒకే వ్యాకరణాంశాన్ని ఆసరాగా చేసుకోవడం చూస్తే, షష్ఠి ఎవరికీ తేలికగా చిక్కదని తెలుస్తుంది. శంకరులు బ్రహ్మసూత్రభాష్యానికి ముందు రాసిన అధ్యాసభాష్యంలో 'ఇది నేను', 'ఇది నాది' అన్న రెండు వ్యవహారాలనూ ఒకే భ్రమ నుంచి పుట్టిన జంటగా చూపారు. మొదటిదాన్ని అహంకారం అనీ రెండోదాన్ని మమకారం అనీ లోకం అంటుంది.

ఈ మమకారం తెలుగులో ఏకవచనంలో కంటే బహువచనంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. 'నా అమ్మ', 'నా ఊరు' అని పాటల్లో వస్తుందేమో గాని వాడుకలో 'మా అమ్మ', 'మా ఊరు' అనే అంటారు. ఒంటరి కొడుకు కూడా 'మా అమ్మ' అనే అంటాడు. 'మీదే ఊరు?' అంటే 'మాది సాలూరు' అని జవాబు. వినేవాణ్ణి కలుపుకొనే 'మన' వేరు, వెలుపల ఉంచే 'మా' వేరు. అమ్మవారిని 'మా తల్లి' అని పిలిచే భక్తుడు ఆమెను తనవారిదిగా చెప్పుకుంటూనే, తాను ఆమెతో ముఖాముఖి మాట్లాడుతున్నాడని కూడా ఆ 'మా' ద్వారా తెలుపుతాడు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్, ఆనందరాయర్ అనే క్రైస్తవ బ్రాహ్మణుడి సాయంతో సువార్తలను తెలుగు చెయ్యడానికి పూనుకున్నారు. వాటిలో మూడు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఇంగ్లీషు 'అవర్'కు లేని ఈ భేదం తెలుగు బైబిలు తయారుచేసిన ప్రతివారికీ ఎదురై ఉంటుంది. ప్రభువు ప్రార్థనలో దేవుణ్ణి సంబోధించేటప్పుడు ఇప్పటి తెలుగు పాఠం 'మా తండ్రీ' అంటుంది. 'మన' అని ఉంటే, తండ్రి తనకు తానే తండ్రి అయ్యే అనర్థం వచ్చేది.

బైబిలులోని పౌలు పత్రికలలో ఇంతకంటే లోతైన చిక్కు ఉంది. గలతీయులకు రాసిన పత్రికలో గ్రీకు మూలం 'క్రీస్తు విశ్వాసం' అని షష్ఠిని వాడింది. అది క్రీస్తు మీద మనిషికున్న విశ్వాసమా, క్రీస్తే చూపిన విశ్వాస్యతా అన్నది నేటికీ పండితుల మధ్య వివాదం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు 'ఆఫ్' వాడి ఆ సందిగ్ధతను అలాగే నిలుపుకుంది. తెలుగు అనువాదం 'క్రీస్తునందలి' అని సప్తమిని ఎన్నుకొని, అర్థాన్ని ఒక వైపుకు స్థిరపరచింది. పాణినీయంలో కృదంతానికి, అంటే ధాతువు నుంచి పుట్టిన నామానికి, కర్తకూ కర్మకూ రెండింటికీ షష్ఠి వస్తుందని విధి ఉంది. 'కృష్ణుని సృష్టి' అంటే కృష్ణుడు చేసిన సృష్టి, 'జగత్తుయొక్క కర్త' అంటే జగత్తును చేసినవాడు. విజయనగరం మహారాజా సంస్కృత కళాశాలలో, తాతా సుబ్బరాయశాస్త్రి వంటి వైయాకరణులు వెలసిన చోట, ఇటువంటి సూత్రాల మీద శాస్త్రార్థం జరపడం విద్యార్థికి అలవాటుగా ఉండేది. పౌలు వాక్యాన్ని వారి ముందు పెట్టి ఉంటే, అది కర్తృషష్ఠా కర్మషష్ఠా అన్న ప్రశ్నగా దాన్ని వెంటనే గుర్తుపట్టేవారు.

1879లో కళాశాల స్థాయికి ఎదిగిన విజయనగరం మహారాజా కళాశాలలో గురజాడ అప్పారావు వంటివారు ఇంగ్లీషు బోధించిన కాలానికి దగ్గరగానే, ఇంగ్లండులో ఇదే సమస్య మరో రూపంలో రచ్చకెక్కింది. 'ఐ ఆబ్జెక్ట్ టు హిజ్ గోయింగ్' అనాలా, 'టు హిమ్ గోయింగ్' అనాలా? ఇంగ్లీషు వాడుక మీద పుస్తకాలు రాసిన ఫౌలర్ సోదరులు 1906లోనూ, హెన్రీ ఫౌలర్ 1926లోనూ మొదటిదే సరైనదని పట్టుబట్టారు. డెన్మార్కు భాషావేత్త ఒటో యెస్పర్‌సన్ రెండోదానికి ఇంగ్లీషులో పాత వాడుక ఉందని చూపి వారిని ఎదుర్కొన్నాడు. ఫౌలర్ పద్ధతిలో వెళ్లడం అనేది వెళ్లేవాడి సొత్తు. అభ్యంతరం ఆ సొత్తు మీద. యెస్పర్‌సన్ సమర్థించిన పద్ధతిలో మనిషీ పనీ కలిసి ఒక సంఘటన. తెలుగు 'రాముడు రావడం' అంటూ కర్తను ప్రథమావిభక్తిలోనే ఉంచి, పనిని అతని ఆస్తిగా చెయ్యదు. 'రాముడి రాక' అన్నప్పుడు మాత్రం చేస్తుంది. చేసిన పని చేసినవాడిదేనా అన్న గీతా ప్రశ్న, కర్తృత్వమూ స్వామిత్వమూ ఒకటి కావన్న వివేకం మీద నడుస్తుంది. పని చెయ్యి, అది నీదనుకోకు అని చెప్పడానికి, చేసేవాడి నుంచి చేతను విడదీయగల వ్యాకరణం కొంత వీలు కల్పిస్తుంది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ గిరిజనుల సవర భాషను నేర్చుకున్న గిడుగు రామమూర్తి, 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించిన తన సవర వ్యాకరణంలో ఈ విభజననే తలకిందులు చేసే నిర్మాణాలను నమోదు చేశారు. 'పులి నిన్ను పట్టుకుంటుంది' అన్న అర్థానికి సవర భాషలో పట్టుకోవడమనే ధాతువులోకే పులి పేరు పొట్టి రూపంలో చేరిపోతుంది, పట్టుబడేవాడు చివర ప్రత్యయమవుతాడు. కర్త విడి పదంగా ఉండదు. చేత ఎవరి సొత్తు అని అడగడానికి అక్కడ షష్ఠికి చోటే దొరకదు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో జాతరల వేళ పూనకం వచ్చినప్పుడు వాడే మాటలో క్రియ, విభక్తి, సంబంధవాచకం మూడూ ఒకేసారి పరీక్షకు నిలబడతాయి. ఇంగ్లీషు దీన్ని 'పొజెషన్' అని, అంటే స్వాధీనం చేసుకోవడమని చెప్పి, ఆవహించిన శక్తిని యజమానిగా, మనిషిని సొత్తుగా నిలుపుతుంది. తెలుగులో 'ఆవిడ ఒంటి మీదికి అమ్మ వచ్చింది' అంటారు. కర్త అమ్మ, క్రియ రాక, మనిషి ఒళ్లు ఆమె వచ్చి నిలిచిన చోటు. ఆ తర్వాత ఆవిడ నోట వచ్చిన పలుకును 'అమ్మ మాట' అని షష్ఠితో అమ్మకే ఇస్తారు, చెప్పినదానికి ఆవిణ్ణి బాధ్యురాలిని చెయ్యరు. ఒళ్లు మాత్రం ఆ సమయంలో కూడా 'ఆవిడ ఒళ్లు'గానే ఉంటుంది. అమ్మ వచ్చి నిలిచిన ఒంటిని అమ్మ ఒళ్లు అని ఎవరూ అనరు. చార్వాకుడి రాహువు తల ఉపమానం ఇక్కడ సరిపడదు, ఎందుకంటే పలికేది ఒకరు, ఒళ్లు మరొకరిది అని చుట్టూ ఉన్నవారందరూ ఒప్పుకుంటున్నారు. ఆత్మవాదికి కూడా ఇది పూర్తిగా కలిసిరాదు. ఒళ్లు ఎవరిదో ఆ 'ఆవిడ' అప్పుడు ఎక్కడ ఉన్నదో వాక్యం చెప్పదు, అడిగినవారికి పూనకం దిగాక ఆవిడ కూడా చెప్పలేదు.